ఇరవయ్యా, అరవై ఒకటా? గుణుపురం నుంచి ఒక తల్లి ఉత్తరం

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్తే. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా పాపకి ఐదేళ్ళు. పుట్టినప్పట్నుంచి దగ్గే, ఎంత తిన్నా ఒంటికి పట్టదు, విరోచనం జిడ్డుగా నీళ్ళమీద తేల్తాది. ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటాది. రెండుసార్లు టీబీ మందులు వాడించారు. రెండు నెలల కిందట వైజాగ్‌లో చెమట పరీక్ష చేసి సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్నారు. మా మరిది ఫోన్లో చూసి ఈ జబ్బున్నోళ్ళు ఇరవై దాటరంట అన్నాడు, ఇంకోచోట అరవై ఒకటి అని ఉంది. ఏది నమ్మాలి? మా అత్త నెయ్యి, నూనె మాన్పించేసింది, జిడ్డు లేదు కదా అని క్యాప్సూల్ కూడా రోజుకి ఒకటే ఇస్తున్నాం, ఖరీదు కూడాను. మాది మేనరికం, మావయ్య కొడుకునే చేసుకున్నాను, అందుకే ఇలా అయిందని పక్కింటి ఒడియా వాళ్ళు అంటున్నారు. ఇంకో బిడ్డని కనొచ్చా? స్కూల్లో వెయ్యడం దండగని ఇంట్లో అంటున్నారు. మా అమ్మమ్మే మా ఆయనకి నాయనమ్మ, ఎనభై రెండేళ్ళు, మాతోనే ఉంటాది, ఆవిడైతే దిష్టి అంటాది.

జవాబు: అమ్మా, ముందు నెయ్యి సంగతి. అది ఈ పూట నుంచే సరిచెయ్యాలి, మిగతా అంకెల గొడవ రేపు చదువుకున్నా పరవాలేదు. పాప కంచంలో నెయ్యి మళ్ళీ వెయ్యి, క్యాప్సూల్ డాక్టరు రాసిచ్చిన లెక్క ప్రకారం తిన్న ప్రతిసారీ ఇవ్వు. మీ అత్తని తిట్టకు, విరోచనంలో నూనె తేలుతుంటే జిడ్డు పడట్లేదని ఆపేద్దాం అని ఎవరికైనా అనిపిస్తుంది, పెద్దపెద్ద అమెరికా డాక్టర్లకే ఏళ్ళ తరబడి అలా అనిపించింది.

జరిగేది ఏంటంటే, కొవ్వుని అరిగించే రసం క్లోమంలో తయారై పేగులోకి రావాలి, ఈ జబ్బులో ఆ దారి జిగురుతో మూసుకుపోద్ది, రసం రాదు, అరగని కొవ్వు అలాగే కిందకి పోద్ది. అందుకే గుంట రెండు కంచాలు తిన్నా డొక్కలు కనిపిస్తుంటాయి. నువ్వు ఇస్తున్న క్యాప్సూల్‌లో ఉండేది ఆ రసంలో పనిచేసే సరుకే, ఎంజైమ్ అంటారు, అది లేకుండా నెయ్యి వేస్తే బాత్రూంలోకి పోద్ది, నెయ్యి లేకుండా అది ఇస్తే దానికి పని ఉండదు, రెండూ కలిసి వెళ్ళాలి. పిల్ల మింగలేకపోతే క్యాప్సూల్ విప్పి ఆ పూసల్ని చెంచాడు అరటిపండు గుజ్జులో కలిపి పెట్టు, నలపొద్దు, వేడన్నంలో కలపొద్దు, పాలల్లో వెయ్యొద్దు, నమలకుండా మింగించి వెంటనే నాలుగు గుక్కల నీళ్ళు పట్టు. నోట్లో పూసలు మిగిలితే పుండ్లు పడతాయి.

ఇప్పుడు కథ. 1970ల్లో కెనడాలో టొరంటో పిల్లల ఆస్పత్రిలో డగ్లస్ క్రోజియర్ అని ఒక డాక్టరు ఉండేవాడు. అప్పట్లో చాలా చోట్ల ఈ పిల్లలకి కొవ్వు లేని తిండి పెట్టేవాళ్ళు, అచ్చం మీ ఇంట్లోలాగే. ఈయన మాత్రం కొవ్వు బాగా పెట్టండి, ఎంజైమ్ ఎక్కువ ఇవ్వండి అన్నాడు. తర్వాత 1988లో బోస్టన్ వాళ్ళూ టొరంటో వాళ్ళూ కలిసి కూర్చుని తమ రెండు క్లినిక్‌ల పిల్లల్ని పోల్చి చూసుకున్నారు. ఊపిరితిత్తుల పనితనం రెండు చోట్లా ఇంచుమించు ఒకటే, వాడే మందుల్లో కూడా పెద్ద తేడా లేదు, కానీ టొరంటో పిల్లలు పొడుగ్గా ఉన్నారు, బతుకు లెక్కలో బోస్టన్‌లో 21 ఏళ్ళు వస్తే టొరంటోలో 30 వచ్చింది. తొమ్మిదేళ్ళు తేడా తల్లీ! కొత్త మందేమీ రాలేదు, కోట్లేమీ ఖర్చవ్వలేదు, కనిపించిన పెద్ద తేడా తిండిలోనే. నేను ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పుంటాను, చెప్పిన ప్రతిసారీ నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇక మీ మరిది చూసిన ఇరవై సంగతి. అది అబద్ధం కాదు, పాతది. ఫోన్లో ఏది ఎప్పుడు రాశారో ఎవరూ చూడరు కదా, నలభై ఏళ్ళ నాటి పుస్తకంలో మాటని నిన్న రాసినట్టు ఎత్తి పెట్టేస్తారు. వరసగా చెప్తాను విను. ఈ జబ్బుని వేరే జబ్బుగా గుర్తుపట్టి పూర్తిగా వర్ణించింది 1938లో, న్యూయార్క్‌లో డోరతీ ఆండర్సన్ అనే ఆవిడ, చనిపోయిన పసిపిల్లల క్లోమాలు పరీక్షించి రాసింది. అప్పట్లో చాలామంది మొదటి పుట్టినరోజు చూసేవాళ్ళు కాదు. 1950ల్లో కూడా ఒకటో తరగతికి వెళ్ళేదాకా బతికితే అదృష్టం. 1948 వేసవిలో న్యూయార్క్‌లో ఎండలు మండిపోతే సొమ్మసిల్లి ఆస్పత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బున్నోళ్ళు ఎక్కువమంది ఉన్నారని కనిపెట్టారు, ఆ తీగ పట్టుకుని లాగితే 1953లో డి సాంట్ ఆగ్నీస్ అనే డాక్టరుకి చెమటలో ఉప్పు దొరికింది. నువ్వు ముద్దు పెట్టుకుంటే నాలిక్కి తగిలిందే, అదే. మామూలు మనిషి చర్మం చెమటలో ఉప్పుని బయటికి పోనివ్వకుండా చాలావరకు వెనక్కి లాక్కుంటుంది, ఈ పిల్లల్లో ఆ తలుపు పనిచెయ్యదు. 1959 నుంచి చెమట పరీక్ష సులువైంది, మీ పాపకి చేసింది దాని వారసురాలే.

ఆ తర్వాత ఒక్కొక్క ఏడూ కూలి డబ్బులు కూడబెట్టినట్టు కూడబెట్టారు. ఎంజైమ్, తిండి, వీపు తట్టి కఫం తీయడం, యాంటీబయాటిక్ ఆలస్యం లేకుండా ఇవ్వడం, మూడు నెలలకోసారి పిల్లని చూడడం. 1989లో ఏడో క్రోమోజోమ్ మీద దీని జీన్ దొరికింది, అప్పటికే ఇరవై దాటడం ఎక్కడో జరిగే విడ్డూరం కాదు. 1990ల్లో కఫాన్ని పలచన చేసే మందు, ఆవిరిగా పీల్చే టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్, 2006లో ఉప్పునీళ్ళ నెబులైజర్. ఇది ఎలా బయటపడిందనుకున్నావు, ఆస్ట్రేలియాలో సముద్రంలో అలల మీద ఆడే కుర్రాళ్ళకి ఊపిరి బాగుందని గమనించి! 2012 నుంచి ఆ పాడైన తలుపునే సరిచేసే మాత్రలు, 2019లో మూడు మందులు కలిపిన ట్రైకాఫ్టా. అది వచ్చాక అమెరికాలో ఈ జబ్బుకి ఊపిరితిత్తుల మార్పిడి ఆపరేషన్లు బాగా పడిపోయాయి. 2019 నుంచి 2023 మధ్య అక్కడ పుట్టిన ఈ జబ్బు పిల్లలకి వేసిన లెక్కే ఆ 61. ఒకప్పుడు పిల్లల జబ్బు అనేవాళ్ళం, ఇప్పుడు అమెరికాలో ఈ జబ్బున్నోళ్ళ పేర్లు రాసే రిజిస్టర్‌లో సగం కంటే ఎక్కువమంది పెద్దవాళ్ళే.

అయితే 61 అంటే ఏంటో సరిగ్గా అర్థం చేసుకో, లేకపోతే అది కూడా ఇరవై లాగే మనిషిని పాడుచేస్తుంది. వందమంది పిల్లలు పుట్టారనుకో, ఇప్పుడు ఏ వయసులో ఎంతమంది పోతున్నారో ఆ లెక్కే ముందు ముందు కూడా ఉంటుందనుకుంటే, ఏ వయసు దగ్గర యాభైమంది మిగిలుంటారు అన్నదే ఆ అంకె. మిగతా యాభైమంది దానికంటే ముందే పోయారని కూడా అందులోనే ఉంది. ఎవరి నుదుటి మీదా రాసిన అంకె కాదది. పైగా మందులు అలాగే ఆగిపోతాయి అనుకుని వేసే లెక్క, అవి ఎప్పుడూ ఆగలేదు. మీ అమ్మమ్మనే చూడు, ఆవిడ పుట్టిన రోజుల్లో మన దేశంలో సగటు ఆయుష్షు ముప్పై రెండేళ్ళ చుట్టూ ఉండేది. ఆ అంకె చూసి మీ ముత్తాత ఈ పిల్లకి పెళ్ళెందుకు అని ఊరుకునుంటే నువ్వూ లేవు మీ ఆయనా లేడు.

ఇక్కడ నీకు తీపి మాటలు చెప్పి పంపించను. 61 మన అంకె కాదు. అక్కడ బిడ్డ పుట్టగానే మడమ దగ్గర చుక్క రక్తం తీసి పరీక్ష చేస్తారు, దగ్గు మొదలవ్వకముందే ఎంజైమ్ మొదలవుతుంది. మనకి అలాంటిది దేశమంతా లేదు. మన దగ్గర మీ పాప కథే అందరి కథ, దగ్గు, బరువు లేదు, టీబీ అనుకోవడం, ఆర్నెల్లు మందులు, మళ్ళీ ఆర్నెల్లు. నేను కూడా ఒకసారి అలాగే పొరపాటు పడ్డాను, కాశీనగర్ వైపు నుంచి ఒక గుంటడిని తీసుకొచ్చేవాళ్ళు, వాడికి టీబీ అని నేనే రాశాను, చెమట పరీక్ష అన్న మాట నాకు తట్టలేదు, తట్టే సరికి వాళ్ళు రావడం మానేశారు. అందుకే మన దగ్గర ఈ పిల్లలు అక్కడంత కాలం బతకట్లేదు, కారణం జబ్బు వేరే రకం అని కాదు, ఆలస్యంగా దొరకడం, దొరికాక కూడా ఎంజైమ్ కొనలేకపోవడం. డబ్బున్న దేశాల మధ్య కూడా ఈ తేడా ఉంది. 2009 నుంచి 2013 లెక్కల్లో కెనడాలో దాదాపు 51 వస్తే పక్కనే ఉన్న అమెరికాలో 41 కూడా దాటలేదు. అమెరికాలో ఇన్సూరెన్స్ లేనివాళ్ళే ఎక్కువ దెబ్బతిన్నారు, దానికి తోడు ఊపిరితిత్తుల మార్పిడి ఆపరేషన్లు కెనడాలో ఎక్కువ జరగడం, అమెరికాలో పాత తిండి అలవాట్లు. కాబట్టి ఇరవై కాదు, అరవై ఒకటీ కాదు, మీ పాపకి ఐదేళ్ళకే జబ్బు పేరు తెలిసింది, నా కాశీనగర్ గుంటడికి ఆ మాత్రం కూడా దొరకలేదు.

ఆ ఖరీదైన మాత్ర ట్రైకాఫ్టా గురించి ఎలాగూ అడుగుతావు. అమెరికాలో దాని రేటు ఏడాదికి 3 లక్షల డాలర్లకి పైనే, మన లెక్కలో రెండున్నర కోట్లు దాటుతుంది. మన కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన జబ్బుల పాలసీలో ఈ జబ్బు మూడో గ్రూపులో ఉంది, 2022లో సాయం 50 లక్షల దాకా పెంచారు, హైదరాబాద్‌లో నిమ్స్ ఆస్పత్రి కూడా ఆ పాలసీ కింద పెట్టిన సెంటర్లలో ఒకటి. ఆ రేటుకి 50 లక్షలు మూడు నెలలు కూడా రావు, నాకు కోపం వచ్చే విషయం ఇది. అయినా పేరు నమోదు చేయించు. దానికంటే ముందు జీన్ పరీక్ష చేయించు, ఎందుకంటే ఆ మాత్ర జీన్‌లో ఉండే అన్ని రకాల తప్పుల మీదా పనిచెయ్యదు. అమెరికాలో నూటికి తొంభైమందికి దగ్గరగా సరిపోతుంది, అక్కడ ఎక్కువగా కనిపించే ఎఫ్508డెల్ అనే తప్పు మన వాళ్ళలో అంత ఎక్కువ లేదు. రేపు రేటు తగ్గి మందు మన దాకా వస్తే, అర్జెంటినాలో ఇప్పటికే వేరే కంపెనీ అదే మందుని జెనరిక్‌గా తయారుచేస్తోంది కూడా, ఆ రోజుకి మీ చేతిలో రిపోర్టు రెడీగా ఉండాలి, పిల్ల ఊపిరితిత్తులు బాగుండాలి. మన పని అదీ.

దానికి గుణుపురంలో కూర్చుని చెయ్యగలిగింది చాలా ఉంది. ఉప్పు. రాయగడ ఎండలు నీకు నేను చెప్పాలా, మార్చి నుంచి జూన్ దాకా ఈ పిల్లలు చెమటతో పాటు ఉప్పంతా పోగొట్టుకుని డీలా పడిపోతారు, వాంతులు మొదలైతే ఒక్క రోజులో ప్రాణం మీదకొస్తుంది. మజ్జిగలో ఉప్పు, గంజిలో ఉప్పు, ఒడియా వాళ్ళు తినే పఖాళ మన చద్దన్నం ఎంత మంచిదో ఈ పిల్లకి, పొద్దున్నే ఉప్పేసి పెట్టు, పక్కన గుడ్డు గానీ వేయించిన చేప గానీ పెట్టి క్యాప్సూల్ వెయ్యి. ఉప్పు ఎంత అనేది బరువు చూసి మీ డాక్టరు చెప్తారు, కానీ ‘పిల్లలకి ఉప్పెక్కువ మంచిది కాదు’ అని ఎవరైనా అంటే ఈ పిల్లకి అది వర్తించదు.

వీపు తట్టడం రోజుకి రెండుసార్లు, తిండికి ముందు. అరచెయ్యి దోసిలిలా చేసి పక్కల మీద, వీపు మీద, వైజాగ్‌లో ఫిజియోథెరపీ వాళ్ళు చూపించినట్టు, ఒక్కో చోట రెండు మూడు నిమిషాలు. తప్పెటగుళ్ళ వాళ్ళు చూశావు కదా గుండె మీద తప్పెట కట్టుకుని వాయిస్తారు, ఆ శబ్దం రావాలి, చెంపదెబ్బ శబ్దం కాదు. పిల్ల ఏడిస్తే పాట పెట్టు. ఉప్పునీళ్ళ నెబులైజర్ రాసిస్తే తట్టడానికి ముందు పెట్టు, దాని కప్పు వాడిన ప్రతిసారీ కడిగి రోజుకోసారి మరగబెట్టి ఆరబెట్టు, తడిగా వదిలేస్తే సూడోమోనాస్ అనే పురుగు చేరుతుంది, అది ఒకసారి ఊపిరితిత్తుల్లో కాపురం పెడితే పోదు. దగ్గు ఎక్కువైనా, కఫం రంగు మారినా, బరువు తగ్గినా రెండు రోజులు చూద్దాం అనుకోకు. గుణుపురం పాసింజరు ఎక్కి వైజాగ్ వెళ్ళడం ఒక రోజు పని, కూలి పోద్ది, తెలుసు. అయినా మూడు నెలలకోసారి కఫం పరీక్ష, బరువు, పొడుగు, ఇవి మానొద్దు. వెల్లూరు సీఎంసీలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఈ పిల్లల్ని బాగా చూసిన డాక్టర్లున్నారు, ఏడాదికోసారైనా ఒక దగ్గరికి వెళ్ళగలిగితే మంచిది. ఒక జాగ్రత్త, ఇదే జబ్బున్న ఇంకో పిల్ల కనిపిస్తే పక్కన కూర్చోబెట్టి ఆడించకు, ఒకరి పురుగు ఒకరికి అంటుకుంటుంది. మీరు తల్లులు వాట్సాప్‌లో మాట్లాడుకోండి.

పొగ. కట్టెల పొయ్యి ఉంటే పిల్ల ఆ గదిలో ఉండకూడదు, దోమల చుట్ట కూడా వద్దు, దోమతెర కట్టు. ఎనభై రెండేళ్ళ ముసలమ్మ, మన వైపు ఆవిడ, చుట్ట కాల్చకుండా ఉంటుందా, అందులోనూ నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగేమో! మానమంటే మానదు, నాకు తెలుసు, మా అమ్మే మానలేదు. వీధరుగు మీద కాల్చుకోమను. మునిమనవరాలి కోసం అంటే ఆ మాత్రం వింటుంది.

మేనరికం గురించి. మీ పక్కింటి వాళ్ళు ఒడియా వాళ్ళు, వాళ్ళల్లో మేనమామ కొడుకు అంటే అన్నదమ్ముడి లెక్క, వాళ్ళకి మన పద్ధతి వింతగానే ఉంటుంది, ఆ మాటలో జబ్బు గురించి ఎంతుందో ఆ వింత కూడా అంతే ఉంటుంది. నిజం ఇదీ. ఈ జబ్బు రావాలంటే పాడైన జీన్ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ రావాలి. ఒక్కటే ఉన్నవాళ్ళకి ఏమీ ఉండదు, నీలాగా మీ ఆయనలాగా చక్కగా ఉంటారు. తెల్లవాళ్ళల్లో ఇరవై అయిదుమందిలో ఒకరు అలా మోస్తుంటారు, అక్కడ మేనరికాలు దాదాపు లేవు, అయినా ప్రపంచంలో ఈ జబ్బు ఎక్కువ కనిపించేది వాళ్ళల్లోనే. మన దగ్గర మోసేవాళ్ళు తక్కువ, కానీ ఒకే తాత, ఒకే అమ్మమ్మ నుంచి వచ్చిన ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ఆ అరుదైనది రెండువైపులా నుంచి వచ్చి కలిసే వీలు పెరుగుతుంది. కాబట్టి మేనరికం దారి వేసింది, నేరం మాత్రం ఎవరిదీ కాదు. మీ అమ్మమ్మో తాతో తెలియకుండా మోసుకొచ్చి ఉండొచ్చు, ఆవిడ ఇచ్చిన వంద మంచివాటితో పాటు ఇదీ వచ్చింది. ఈ మాట ఆవిడకి చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం, నేనైతే దిష్టి అనుకోనిస్తాను.

ఇంకో బిడ్డ కావాలంటే కనొచ్చు, కానీ గుడ్డిగా వద్దు. ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం మళ్ళీ ఈ జబ్బుకి ఉంటుంది. ఒకసారి వచ్చేసింది కాబట్టి ఇంక మూడుసార్లు రాదు అనుకునేవాళ్ళున్నారు, అలా కాదు, ప్రతిసారీ కొత్తగా బొమ్మా బొరుసూ వేసినట్టే. ముందు పాపకి, మీ ఇద్దరికీ జీన్ పరీక్ష చేయించి తప్పు ఏదో కనుక్కుని ఉంచుకుంటే, కడుపొచ్చిన పదకొండు వారాల తర్వాత మాయలోంచి చిన్న ముక్క తీసి బిడ్డకి ఉందో లేదో చెప్తారు. ముందు రిపోర్టు, తర్వాత కడుపు, ఈ వరస తప్పొద్దు. మీ మరిదికి ఇంట్లో వాళ్ళు మేనరికం చూస్తుంటే ఆ ఇద్దరికీ పెళ్ళికి ముందే పరీక్ష చేయించమని చెప్పు, ఫోన్లో వెతకడం వచ్చిన మనిషి కదా.

స్కూలు సంగతి అడగాల్సిందే కాదు. వెయ్యి. మెదడుకి ఈ జబ్బుతో పనిలేదు, పరుగెత్తడం, గెంతడం ఊపిరితిత్తులకి మందు లాంటిది. టీచరుతో మూడు మాటలు చెప్పు, దగ్గితే మామూలు పిల్లలకి అంటుకునే దగ్గు కాదని, బాత్రూంకి అడిగితే వెంటనే పంపమని, ఎండలో నిలబెట్టొద్దని. నీళ్ళ సీసాలో చిటికెడు ఉప్పు కలిపి పంపు, మధ్యాహ్న భోజనానికి క్యాప్సూల్ ఎవరు వేస్తారో మొదటి రోజే మాట్లాడుకో, గుడ్డు పెట్టే రోజు మర్చిపోకుండా.

ఈ రోజు పాప బరువు తూయించి గోడ మీద క్యాలెండర్‌లో రాసిపెట్టు. నెయ్యీ క్యాప్సూలూ సరిగ్గా పడితే మార్పు నెలలో తెలుస్తుంది, విరోచనం తేలడం తగ్గుతుంది. తగ్గకపోతే క్యాప్సూల్ లెక్క సరిపోలేదన్నమాట, నువ్వే పెంచకు, వైజాగ్ డాక్టరుకి ఫోన్ చెయ్యి. నెల తర్వాత బరువు ఎంతో నాకు రాయి.